కొత్తవాడకు మోసుకెళ్లిన జవాబు

మా ఎమ్మెల్యే సార్ దగ్గర నేను చాలా ఏళ్లు టైపిస్టుగా పనిచేశాను. ఆయన ప్రతిపక్షంలో ఉన్న రోజులవి. అసెంబ్లీలో మంత్రులను గట్టిగా నిలదీస్తారని అందరికీ తెలుసు. నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే అలవాటు. ఎవరి బాధ మీద ప్రశ్న వేశారో, జవాబు రాగానే వాళ్లింటికి తనే వెళ్లి చదివి వినిపించేవారు.

ఒకసారి మా నియోజకవర్గంలోని కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకావిడ భర్త దవాఖానలో చనిపోయాడు. ఆయనకు పెట్టిన వెంటిలేటర్ మధ్యలోనే ఆగిపోయిందట. "వెంటిలేటర్లు చెడిపోయి రోగులు చనిపోయిన మాట నిజమేనా?" అని సార్ ప్రశ్న వేశారు. "లేదండి. అలా ఎవరూ చనిపోలేదు" అని మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చారు.

ఆ కాగితం చూసి, "ఫోన్ల చెప్దాం సార్" అన్నాను.

"వద్దు. ఎదురుంగ కూసోని చెప్పాలె. తిడితే పడాలె" అన్నారు.

కొత్తవాడ వెళ్లి సార్ చదువుతుంటే, ఆమె మగ్గం ఆపి విన్నది. "గట్లయితే మా ఆయన సావలేదా సారూ?" అని అడిగింది. సభలో అంత గొంతున్న మనిషి, "మల్ల అడుగుతనమ్మా" అని మెల్లగా అన్నారు.

మరుసటి సమావేశాల్లోనూ సార్ అదే ప్రశ్న వేశారు. అక్షరం మారకుండా అదే జవాబు వచ్చింది. మళ్లీ కొత్తవాడ వెళ్లాం. సార్ కాగితం విప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సదవకుండ్రి సారూ, నాకెరికే. ఇగ అడగకుండ్రి. మీరు అడిగినప్పుడల్లా ఆయన మల్లోసారి సచ్చినట్టయితాంది."

నాకు తెలిసి సార్ మధ్యలో వదిలేసిన ప్రశ్న అదొక్కటే.