మీటర్‌లో నూట ఇరవై, రోడ్డు మీద నూట ఏడు

నిన్న ఉదయం కుక్కర్ రెండో విజిల్ వేస్తుండగా పై ఫ్లాట్ నుంచి సుజాత వదిన ఫోన్ చేసింది.

"పద్మా, మీ అన్నయ్య లేవట్లేదు. ఒకసారి రండి."

స్టవ్ ఆపి నేను, మావారు పైకి పరిగెత్తాం. అంబులెన్స్ పదకొండు నిమిషాల్లో వచ్చింది. గుండె ఆగి చాలాసేపయిందని హాస్పిటల్‌లో చెప్పారు.

భాస్కర్ అన్నయ్య ఇక లేరు.

ఈ వాక్యం రాసి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

మాకు రక్తసంబంధం లేదు. వాళ్ళది కాకినాడ. ఈ పరాయి దేశంలో, నజ్మా పేటలోని ఈ బిల్డింగ్‌కి వచ్చిన వారంలోనే నన్ను "చెల్లెమ్మా" అన్నారు, పధ్నాలుగేళ్ళు అదే పిలుపు.

ఆయన తెలిసినవాళ్ళకి ఆయన ఎర్ర కారు కూడా తెలుసు. పాత టూ డోర్ స్పోర్ట్స్ కారు. ప్రతి శుక్రవారం వదినని అందులో ఎక్కించుకుని చేపల కోసం సముద్రం ఒడ్డున ఉన్న అల్ ఖోర్ వెళ్ళేవారు. వెనకే మా కారు.

నాకు ప్రతి ప్రయాణానికీ మీటర్ రీడింగ్ ఒక పుస్తకంలో రాసుకునే అలవాటు. మా గేటు నుంచి అల్ ఖోర్ మార్కెట్ దాకా 50 కిలోమీటర్లు. ఏళ్ళ తరబడి అదే అంకె.

రెండేళ్ళ క్రితం ఆయనకి కారు అప్‌గ్రేడ్ చేయాలనిపించింది. వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో గేర్లు మార్చాలి. కంపెనీ ఇచ్చిన రేషియో 3.3, అంటే టాప్ గేర్‌లో చక్రం ఒక్క చుట్టుకి ఇంజిన్ 3.3 చుట్లు. ఆ అంకె పెంచితే సిగ్నల్ దగ్గర కారు ఒక్కసారిగా దూసుకుపోతుంది. కానీ హైవే మీద ఇంజిన్ ఎక్కువ తిరగాలి, మోత పెరుగుతుంది.

ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్ ఉస్తాద్ "ఫోర్ పాయింట్ త్రీ డాలో సాబ్, గాడీ ఉడేగీ" అన్నాడట. కారు ఎగురుతుందంటే ఇక ఈయన ఆగుతారా!

సమస్య సుజాత వదిన చెవి. అంతకుముందు ఏడాదే ఎడమ చెవికి జబ్బు చేసింది. ఒకే రకం మోత చాలాసేపు వింటే తల తిరిగిపోతుంది.

"ఆ గేర్లు వేయిస్తే మీ కారులో మీరొక్కరే వెళ్ళండి. నేను పద్మ వాళ్ళతో వస్తాను," అంది వదిన.

ఆయన నవ్వలేదు. పుస్తకం తీసుకుని పైకి రమ్మని నాకు ఫోన్ చేశారు.

ఆ కారు టైరు ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్లు. అంటే 120 స్పీడ్‌లో చక్రం నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంది. టాప్ గేర్‌లో రేషియో 3.3 అయితే ఇంజిన్ 3300 చుట్లు. 4.3 అయితే 4300. డైనింగ్ టేబుల్ దగ్గర ఇంతవరకు లెక్క తేలింది. 4300 మోతని వదిన భరించగలదా అన్నది మాత్రం కాగితం మీద తేలదు.

అందుకని కారులోనే చూశాం. గేర్ తగ్గించి, ఇంజిన్ ఏ అంకె దగ్గర కావాలంటే అక్కడ ఆపి నడిపారు. పక్కన వదిన, వెనక ఇరుకు సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నేను.

4300 దగ్గర మూడో నిమిషంలో వదిన చెవి మూసుకుంది.

"పోనీ నాలుగు వేలు?" అన్నారు అన్నయ్య.

"బేరం కూరల దగ్గర ఆడండి," అంది వదిన.

3700 దగ్గర ఆమె చెవి మీంచి చెయ్యి తీసి, పండుగప్ప పులుసులో మామిడికాయ వేస్తే ఎలా ఉంటుందని నన్ను అడిగింది. నేను టిక్కు పెట్టాను.

3.7 గేర్లు వేయించారు.

మొదటి శుక్రవారమే విచిత్రం జరిగింది. ఎప్పుడూ వెనక వచ్చే మేము అల్ ఖోర్‌కి ముందు చేరాం.

"నేను కచ్చితంగా నూట ఇరవైలోనే వచ్చాను చెల్లెమ్మా! మీరేమన్నా విమానంలో వచ్చారా?" అని ఆశ్చర్యపోయారు.

ఆయన మీటర్ చూశాను. 50 కిలోమీటర్లకి 56 తిరిగింది.

ఇంటికొచ్చి లెక్క వేస్తే అర్థమైంది. ఆ పాత కారులో మీటర్‌కి లెక్క అందేది చక్రం నుంచి కాదు, గేర్‌బాక్స్ నుంచి. గేర్లు మార్చాక అదే దూరానికి గేర్‌బాక్స్ ఎక్కువ తిరుగుతుంది, మీటర్ సరిచేయించడం మరిచిపోయారు. అందులో 120 అంటే అసలు స్పీడ్ 107.

ముందు వదినకి చెప్పాను.

"ఆయనకి చెప్పకు పద్మా. నూట ఇరవై అనుకుంటూ సంతోషంగా నెమ్మదిగా నడుపుతున్నారు. ఉండనీ."

తప్పు అంకెని తెలిసీ వదిలేయడం నాకు చేతకాదు. అయినా వదిలేశాను. రెండేళ్ళు ప్రతి శుక్రవారం మా 50 పక్కన ఆయన 56 కూడా రాసి, ప్రశ్న గుర్తు పెట్టాను.

నిన్న మధ్యాహ్నం, ఆయన్ని కాకినాడ పంపించే కాగితాల కోసం ఐడీ కార్డు కావలసి వచ్చింది. మావారు కారు డ్యాష్‌బోర్డు అర తెరిస్తే, గేర్లు మార్చిన రోజు వర్క్‌షాప్ ఇచ్చిన కాగితం కూడా దొరికింది.

చేయాల్సిన పనుల్లో చివరిది, మీటర్ కరెక్షన్. దాన్ని అన్నయ్య పెన్నుతో కొట్టేశారు. కింద ఆయన చేతిరాత.

"మీటర్ 120 = అసలు 107 = ఇంజిన్ 3300. పాత మోతే. సుజాతకి చెప్పొద్దు."

మరిచిపోలేదన్నమాట. ఊపు సిగ్నల్ దగ్గర తాను ఉంచుకుని, హైవే మీద ఆమెకి అలవాటైన శబ్దాన్ని ఆమెకి ఉంచారు. ఇక్కడ రోడ్డు మీద అందరూ తనని దాటిపోతుంటే, రెండేళ్ళు ఏమీ తెలియనట్టు నడిపారు.

వదినకి చూపించాను. రెండుసార్లు చదివింది.

"ఆయన్ని నేను ఏమారుస్తున్నాననుకున్నా పద్మా," అంది. కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఈ ఉదయం నా పుస్తకంలో ఆ ప్రశ్న గుర్తులన్నీ చెరిపేశాను.

వెళ్ళి రండి అన్నయ్యా. తొందరేం లేదు, నూట ఏడులోనే వెళ్ళండి.

మీ దారి పొడవునా మోత లేకుండా ఉండాలి.