సాగనంపే పాట లేని సీడీ

భూదేవక్క నాకు యారాలు, అంటే మా ఆయన అన్న భార్య. నేను కోడలిగా వచ్చిన రోజు గడప దగ్గర నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది ఆమే. "అత్త లేదని సంబురపడకు చెల్లె, అత్తను నేనే" అని చెవిలో అన్నది. నేను బెదిరిపోయి తల వంచుకున్నాను. తల ఎత్తి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మా బస్తీ తార్నాక వెనక ఉంది. అక్కడి నుంచి అక్క యూనివర్సిటీకి నడిచే పోయేది. లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే పని. ఏళ్ల తరబడి పెనం తగిలి ఆమె వేళ్ల చివర్లు గట్టిపడిపోయాయి. నా కొడుక్కి జ్వరం వస్తే వేళ్లకు వేడి తెలియక, మోచెయ్యి మడిచి నుదుటికి ఆనించి చూసేది. హాస్టల్ పిల్లలు "చపాతీ కాలలేదు భూదేవక్కా" అంటే, "నీ పెండ్లికి మంచిగ కాలుస్త, గిప్పుడైతే తిను" అనేదట.

బతుకమ్మ వస్తే మా బస్తీలో పాట ఎత్తేది అక్కే. ఒక చరణం ఎత్తి ఆగుతుంది. మేమంతా చప్పట్లు కొట్టుకుంటూ, వంగి లేస్తూ దాన్ని అందుకుంటాం. నేను ఎప్పుడూ అందుకునేదాన్నే. "నీ గొంతు మంచిగుంటది చెల్లె, ఒక్క పాట ఎత్తరాదు?" అని ఆమె అంటే ఆమె వెనక్కే జరిగి దాక్కునేదాన్ని.

తొంభై తొమ్మిదిలో, శివరాత్రి పోయాక, హాస్టల్లో ఉండే పూర్ణిమ అనే పిల్ల అక్క పాటలు సీడీకి ఎక్కిస్తానన్నది. ఆ పిల్ల జనగామ వైపు రైతుల బిడ్డ. పల్లెపాటల మీద పెద్ద చదువు చదువుతోంది. మెస్సులో పిండి పిసుకుతూ అక్క తనలో తాను పాడుకుంటుంటే విన్నదట. అక్క నన్నూ వెంటబెట్టుకుని పోయింది. "గాడ కుర్చీలు గిర్రున తిరుగుతయట చెల్లె. పడితే పట్టుకో."

కంప్యూటర్ల గదిలో చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచి పోయాం. అక్క కుర్చీ అంచున కూర్చుని, ఎదురుగా ఉన్న తెల్లగోడను చూస్తూ పాట ఎత్తింది. ఒక చరణం పాడి, అలవాటు కొద్దీ ఆగింది.

"ఆపకక్కా, పాడుకుంట పో" అన్నది పూర్ణిమ.

"ఆపకుంట ఎట్ల బిడ్డా? వాళ్లు అందుకోవాలె గద."

"ఎవరక్కా? ఈడ ఎవరు లేరు."

"లేకుంటే ఏంది? వాళ్ల జాగ వాళ్లకు ఇడిసిపెట్టాలె."

పూర్ణిమ నవ్వి ఊరుకుంది. నేను అందుకోబోతే మాత్రం పెదవి మీద వేలు పెట్టింది. అక్క గొంతు ఒక్కటే కావాలట. అక్క ఆగిన ప్రతిసారీ నేను చప్పుడు కాకుండా అరచేతులు కలుపుతూ కూర్చున్నాను.

అన్నీ అయ్యాక పూర్ణిమ, బతుకమ్మను నీళ్లలో వేసేముందు పాడే సాగనంపే పాట అడిగింది. అక్క తల అడ్డంగా తిప్పింది.

"అది ఆఖరునాడు, సద్దులనాడే పాడాలె. ఉత్తగ పాడితే ఇంట్లకెల్లి ఎవరినో పంపినట్టయితది."

"సరే అక్కా. సీడీల ఇంక జాగ ఉన్నది. సద్దులనాడే వచ్చి పాడు, గిండ్లనే ఎక్కిస్త."

అక్క సరేనన్నది.

ఆ ఎండాకాలంలో ఒకరోజు అక్క మెస్సు నుంచి వచ్చి గడపలో కూలబడి మంచినీళ్లు అడిగింది. నేను చెంబు తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉంది. గుండె ఆగిందన్నారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

దినాలనాడు పూర్ణిమ వచ్చి సీడీ నా చేతిలో పెట్టింది. "అక్క గొంతు మీ ఇంట్ల ఉండాలె చిన్నక్కా" అన్నది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా మేం పసుపు కుంకుమ పెడతాం. నేను దానికీ మధ్యలో ఇంత బొట్టు పెట్టి, అక్క ఫొటో ముందు ఉంచాను.

మా ఆయన నరహరి తన స్నేహితుడి దగ్గర నుంచి సీడీలు వేసే డబ్బా తెచ్చాడు. బావ బుచ్చిరాములు దాని ముందు చాప వేసుకుని కూర్చున్నాడు. సీడీ లోపల గిర్రుమని తిరిగింది. కిటకిటలాడింది. ఏవో ఎర్ర అక్షరాలు వెలిగాయి. పాట రాలేదు.

"బొట్టు పెట్టుమని ఎవలన్నరే నీకు? దాని కండ్లు మూసినవ్" అని మా ఆయన కేకలేశాడు.

బొట్టు కడిగాను. పాత మెత్తటి చీరముక్కతో తుడిచాను. పక్కింటి రాములమ్మ పెద్దమ్మ ఇంట్లో వేయించాను. తార్నాక చౌరస్తాలో కంప్యూటర్ ఉన్న షాపులో పెట్టించాను. ఎక్కడా అక్క పలకలేదు. ఆ సాయంత్రం బావ, "నా ముందట పాడాలంటే దానికి ఎప్పుడు సిగ్గే" అని చాప చుట్టి లేచాడు.

సీడీని కొంగులో చుట్టుకుని, అక్క రోజూ నడిచిన దారినే యూనివర్సిటీకి పోయాను. పూర్ణిమ దాన్ని తన మిషన్లో పెట్టగానే అక్క గొంతు వచ్చింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"బొట్టు తప్పేం లేదు చిన్నక్కా. తప్పు నాది. దీన్ని మూయకుంట ఇచ్చిన" అన్నది పూర్ణిమ.

"మూసుడేంది బిడ్డా? ఇదేమన్న డబ్బానా?"

"సాగనంపే పాట కోసం తెరిచి పెట్టినం గద. తెరిచి ఉంటే ఎక్కించిన మిషనే చదువుతది. కడమ మిషన్లు చదవవు. మూస్తే అన్నిట్ల పాడుతది. గని ఒక్కపారి మూస్తే ఇంక ఒక్క పాట గూడ ఎక్కది." సీడీని బయటికి తీసి, "మూసెయ్యాల్నా?" అని అడిగింది.

పాడేవాళ్లు లేరని నాకు తెలియదా? అయినా ఆ చిన్న జాగా అక్క కోసం ఇంకా ఉందంటే, దాన్ని మూయమని ఎట్లా చెప్పను?

"పోని, ఆ పాట నువ్వు పాడుతవా చిన్నక్కా?"

"సద్దులింక రాలేదు బిడ్డా" అన్నాను. సీడీ మళ్లీ కొంగులో చుట్టుకుని వచ్చేశాను.

కానీ ఇంటికొచ్చాక, సాయంత్రమైతే బావ ఆ మూగడబ్బా ముందు చాప పరవడం చూడలేకపోయాను. ఒకరోజు, "దానికి ఇంట్లకు రాబుద్ధైతలేదా ఏంది?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తెల్లవారి మళ్లీ పోయాను.

"మూసెయ్ బిడ్డా" అన్నాను.

పూర్ణిమ నా వేలు పట్టుకుని మీట మీద పెట్టించింది. మిషన్లో చిన్న దీపం ఆగి ఆగి వెలిగింది. బయటికొచ్చిన సీడీ, పెనం మీంచి తీసి మూతపెట్టిన చపాతీలా గోరువెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో అక్క పాడింది. బావ గోడవైపు తిరిగి విన్నాడు.

సద్దులు వచ్చాయి. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఆ ఏడు మేం బతుకమ్మ పేర్చకూడదు. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు మోసుకుని అందరూ మా గుమ్మం ముందు నుంచే పోతున్నారు. రాములమ్మ పెద్దమ్మ మాత్రం ఆగింది.

"సత్తమ్మా, మీ యారాలిని తోల్కరావే. పాట ఎత్తేటోళ్లు లేక పోరీలందరు ఒకరి మొకం ఒకరు చూస్తున్నరు."

మా ఆయన బతుకమ్మ ఆడేచోటికి డబ్బా మోసుకొచ్చి, పెద్ద స్పీకర్ తగిలించి పెట్టాడు. నేను దాని పక్కన గోడవారగా నిలబడ్డాను. అక్క చరణం ఎత్తింది. ఆగింది. ఆడవాళ్లు ఒక్క అడుగు కూడా తడబడకుండా అందుకున్నారు. ఆనాడు తెల్లగోడ ముందు ఆమె విడిచిపెట్టిన జాగాలన్నీ ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి. "మనం అందుకుంటమని గప్పుడే ఎరికె భూదేవికి" అని ఎవరో అన్నారు.

పాటలు అయిపోయాయి. డబ్బా టక్కుమన్నది. ఇక సాగనంపే పాట కావాలి, అది లేదు. ఏం చేయాలా అనుకునేలోపే మొదటి పాట మళ్లీ మొదలైంది. మా ఆయన ఏ మీట నొక్కిపెట్టాడో ఏమో! అమ్మాయిలు పకపకా నవ్వి మళ్లీ తిరిగారు. పాటలన్నీ రెండోసారి అయిపోయి మూడోసారి మొదలయ్యేసరికి నవ్వు ఆగిపోయింది.

"పోనంటున్నదే భూదేవి" అన్నది రాములమ్మ పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

పొద్దు గూకింది. బస్తీ చివర తవ్విన గుంతలో నీళ్లు నల్లబడుతున్నాయి. బతుకమ్మలు వేయాలి. డబ్బా దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు.

"ఏమే, ఆపవా?" అన్నది పెద్దమ్మ.

"నేనా?"

"మరి నేనా? నీ యారాలు. ఆపి, ఆ పాట నువ్వే ఎత్తు."

"ఈ ఏడు మాకు లేదు గద పెద్దమ్మా."

"పేర్చొద్దన్నరు. పాడొద్దని ఎవలన్నరు?"

డబ్బా మీద చెయ్యి పెట్టాను. మధ్యలో ఆపడానికి మనసు రాలేదు. అక్క చరణం పూర్తిగా పాడనిచ్చాను. ఆమె ఆగింది. ఆడవాళ్లు అందుకున్నారు. ఆ జాగాలోనే మీట నొక్కాను.

వాళ్ల గొంతులు ఆగాక, సాగనంపే పాట మొదటి చరణం ఎత్తాను. ఎత్తి, ఆమెలాగే ఆగాను.