కాకర గారు

ఆవిడ చేసేది దొంగ బేరం. కొనడానికి వచ్చినదానిలా దుకాణంలోకి వెళ్లాలి. అమ్మేవాళ్లు ఎలా పలకరించారో, ఎంతసేపు నిలబెట్టారో గమనించాలి. ఇంటికొచ్చి, పని అప్పగించిన ఏజెన్సీకి రహస్యంగా రిపోర్టు పంపాలి. ముందుగదిలో బట్టలు కుట్టే అక్క ఆవిడకు పెట్టిన పేరు కూడా అదే. "ఏమే దొంగబేరం, ఇవాళ ఎవరి కొంప ముంచొచ్చావ్?" అని వేళాకోళం చేసేది. ఆవిడ నవ్వేసేది. పదేళ్లుగా ఒక్కడూ తనను పసిగట్టలేదని కాస్త గీర.

ఆ గీరకు తగ్గ తెలివీ ఉంది. ఒక్కో ఏజెన్సీకి ఒక్కో కూరగాయను ఇంటిపేరుగా ఇచ్చేది. ఒకరికి బీర, ఒకరికి దోస, ఒకరికి కాకర. అడక్కుండానే ఉద్యోగాల మెయిళ్లు రోజూ వచ్చిపడతాయి కదా, పిలవని పేరంటంలా. మెయిలు పైనున్న కూరగాయ పేరు చూస్తే చాలు, తన వివరాలు ఎవరు బయటపెట్టారో తెలిసిపోతుంది.

సోమవారం ఒకటి వచ్చింది. "కాకర గారికి, మీలాంటి వారికోసమే వెతుకుతున్నాం." తీసిపారేసింది. మర్నాడు ఇంకొకటి. "పని మీ ఇంటికి దగ్గరే, లాండ్రీ పక్కన." ఆవిడ ఇంటి పక్కనే లాండ్రీ ఉంది. బుధవారం వచ్చినదానికి ఒక ఫారం జతచేసి ఉంది. అందులో ఒకటే ప్రశ్న: "ఎన్ని నిమిషాలు నిలబడగలరు?"

ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. కాకర పేరుతో చేసింది ఒకే ఒక్క పని, పోయిన నెల కళ్లజోళ్ల షాపులో. అక్కడి సేల్స్‌మాన్ తనను ఇరవై రెండు నిమిషాలు నిలబెట్టాడు. ఆ సేపంతా అతను ఒక ముసలాయన ముక్కుకు ఫ్రేము సరిచేస్తూ ఉన్నాడు. కానీ అప్పుడు ఏజెన్సీకి పంపాల్సిన రిపోర్టులో నిమిషాలకు గడి ఉంది, కారణానికి లేదు. నిమిషాలు నింపి పంపేసింది. తప్పని అప్పుడే అనిపించింది కూడా.

ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"మీ వివరాలు మేం ఎవరికీ ఇవ్వమండీ," అంది అక్కడి అమ్మాయి. తర్వాత నసిగింది. "అంటే... మీ రిపోర్టు షాపువాళ్లకి పంపేటప్పుడు పై పేజీ తీయడం మర్చిపోయాం. మెయిలూ, ఇంటి అడ్రసూ ఉండే పేజీ. ఏమనుకోకండి."

"ఆ సేల్స్‌మాన్‌కి చూపించారా?"

"చూపించే ఉద్యోగంలోంచి తీసేశారటండీ."

అంతలో ముందుగదిలోంచి అక్క కేకేసింది. "ఇదిగో దొంగబేరం, ఓసారి ఇటు రావే! ఎవరో చొక్కా కుట్టాలంటాడు, గుడ్డ తేలేదు. కూర్చోమంటే కూర్చోడు, ఇందాకట్నించీ నిలబడే ఉన్నాడు. పైగా కాకర గారున్నారా అని అడుగుతాడేంటి? ఇదేమన్నా కూరల కొట్టా?"

ఆవిడ కర్టెన్ తొలగించింది. అదే మనిషి. చేతిలో గళ్లు గీసిన చిన్న పుస్తకం. కుట్టుమిషనూ, అక్క చేతిలోని కత్తెరా, తలుపు గడియా ఒక్కొక్కటే చూస్తున్నాడు, ఆవిడ దుకాణాల్లో చూసినట్టే. అక్కను లోపలికి లాగేయాలనిపించింది.

అతను గడియారం చూసుకుని ఏదో రాసుకున్నాడు.

"ఇరవై రెండు నిమిషాలండీ," అన్నాడు మర్యాదగా. "మిగతా గళ్లు మళ్లీ వచ్చి నింపుకుంటాను."