చిక్కుడు మడికి దోమతెర

మొన్న ఆదివారం పొద్దున మా పక్కింటి డాక్టరు ఆంటీ పోయారు. నిద్రలోనే వెళ్లిపోయారని ఆవిడ కూతురు వచ్చి చెప్పింది. "నిన్న కూడా మమ్ మీ బీన్స్ గురించే అడిగింది, యూ నో" అంటూ ఏడుస్తూనే నవ్వింది. ఆంటీని తలుచుకుంటే ఎవరికైనా అంతే, నవ్వొస్తుంది.

క్లోనీ అనే ఈ ఐరిష్ ఊళ్లో ఇల్లు కొన్న ఏడాదే నా ఉద్యోగం పోయింది. చేతులు ఊరుకోక, ఇక్కడ పండే చిక్కుడు రకం పెరట్లో వేశాను. వెనకంతా బీడు; పడమటి గాలికి అడ్డమన్నదే లేదు. ఒక మధ్యాహ్నం చూసేసరికి పాదులన్నీ నేలకరిచాయి. మా ఆయన సందు లేకుండా చెక్కలతో దడి కట్టాడు. గాలి దాని మీంచి దూకి, మిగిలిన తీగల మీద ఇంకా గట్టిగా విరుచుకుపడింది. గుమ్మంలో కూర్చుని ఏడ్చేశాను.

గోడ మీంచి ఆంటీ తొంగిచూశారు. ఆవిడది తెనాలి. ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు.

"ఏమ్మాయ్, ఎవరన్నా పోయారా?"

"చిక్కుళ్లు, ఆంటీ."

"ఓస్, అంతేనా! వేళ్లున్నాయిగా. ఉండు, వస్తున్నా."

పాత దోమతెర పట్టుకొచ్చారు. పెళ్లయి ఈ దేశానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ పెట్టెలో పెట్టిందట. ఇక్కడ దోమలేవి? ఇన్నేళ్లూ అలమరలోనే ఉండిపోయింది.

"గాలిని ఆపకూడదమ్మా, జల్లెడ పట్టాలి" అన్నారు.

చెక్క విడిచి చెక్క ఊడదీశాం. తెర రెండు మడతలు వేసి కడుతుంటే గాలి లాక్కుని ఆంటీని నిలువునా చుట్టేసింది. అవతలింటి ఐరిష్ పెద్దాయన కంగారుగా "ఆర్ యూ ఆల్‌రైట్?" అని కేకేశాడు. తెర లోపల్నుంచే ఆంటీ, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్ల లాగా "గ్రాండ్!" అని అరిచి, నవ్వలేక బురదలో కూలబడ్డారు. "పెళ్లికూతుర్ని చేశావు కదే నన్ను!" అన్నారు. నెలల తర్వాత నేను కడుపారా నవ్వింది ఆ రోజే.

తీగలు లేచాయి. రోజూ టీ కప్పుతో వచ్చి, ఒక్కో తీగనూ వేలితో ఎత్తి చూసి, "దీన్ని డిశ్చార్జ్ చెయ్యొచ్చు" అనేవారు. ఆ వేసవిలో విరగకాశాయి. నువ్వులపొడి వేసి ఆవిడ వండిన కూర తిన్నాకే శాండీఫోర్డ్‌లోని ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ఏ ఏడాదీ చిక్కుడు వేయకుండా ఉండలేదు.

పోవడానికి ముందు వారం ఆంటీ మా పెరట్లోకి వచ్చారు. తెర అవతల గాలి హోరుమంటోంది. ఇవతల ఎర్రటి చిక్కుడు పువ్వు మీద ఒక బొద్దు తుమ్మెద వాలింది.

"చూడవే, ఎంత తీరిగ్గా తింటోందో!"

మోకాళ్ల మీద చేతులానించి, వంగి చూస్తూ ఉండిపోయారు. తుమ్మెద పక్క పువ్వుకు వెళ్లింది. ఆంటీ కూడా ఒక అడుగు పక్కకు జరిగారు.