ఎదురింటావిడ ఇచ్చిన పొగ పెన్ను

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట మా అమ్మ అనేది, అక్క అనేది. ఇప్పుడు నేనే అంటున్నాను కాబట్టి ఇంకెవరూ అనక్కర్లేదు. అయితే ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని చూసి కుళ్ళుకునే రోజు వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

అప్పట్లో మేము మస్కట్‌లో, హమ్రియాలో ఉండేవాళ్ళం. నేను ఒక ప్రైవేటు క్లినిక్కులో నర్సుని. మావారు ఏసీలు బాగుచేసే కంపెనీలో ఎలక్ట్రీషియన్. చమురు ధర పడిపోయి కంపెనీలన్నీ మనుషుల్ని తగ్గిస్తున్న రోజులవి. ఎవరి ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియక సైట్లలో మగాళ్ళందరూ అంతకు ముందుకంటే ఎక్కువ సిగరెట్లు కాల్చేవారు. మావారికి ఆ వంక కూడా అక్కర్లేదు. ఆయనకి పెళ్ళికి ముందు నుంచే ఉంది ఆ అలవాటు. పొద్దున్న లేస్తూనే స్నానాల గదిలోంచి దగ్గు వినిపించేది. రోజంతా రోగుల దగ్గులు వినేదాన్ని, ఇంట్లో ఆ దగ్గు ఎటు పోతుందో నాకు తెలుసు కదా.

అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. రువీలో చర్చిల ఆవరణలో మా తెలుగు సంఘానికి ఒక హాలు, ఒక సమయం ఉండేవి. వాక్యం అయ్యాక పాస్టరు గారు, మేము అయ్యగారంటాం, "ప్రార్థన మనవులుంటే చెప్పండమ్మా" అనేవారు. ఒకరి వీసా, ఒకరి మోకాళ్ళ నొప్పి, ఒకరి కూతురి పరీక్షలు. నా వంతు వచ్చేసరికి నేను లేచి, "మావారు సిగరెట్లు మానాలని ప్రార్థన చెయ్యండి" అనేదాన్ని. ప్రతి శుక్రవారం అదే మనవి. మగవాళ్ళ వైపు కూర్చున్న మావారు తలెత్తి ఫ్యాను వంక చూసేవారు. నా మనవి సండే స్కూలు పిల్లలకి కూడా కంఠతా వచ్చేసింది. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఒక్కొక్కరే ఆయన పక్కకి వచ్చి, "ఏవండీ, మానేసేరా?" అనేవారు. అది నాకు సంఘం చూపించే ప్రేమలాగే కనిపించేది.

ఆయన ప్రయత్నించలేదని కాదు. లవంగాలు నమిలారు, బబుల్‌గమ్ నమిలారు. ఒక ఏడాది ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాలన్నీ పట్టుదలగా ఉన్నారు. ఈస్టరు సాయంత్రం చొక్కా ఉతకబోతూ వాసన చూసి పట్టుకున్నాను. ఆ శుక్రవారం నా మనవి ఇంకాస్త పెద్ద గొంతుతో వినిపించింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అని ఆయన నవ్వేసేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. నేను కోరింది ఆయన మానాలని, అదీ నా మాట మీద మానాలని. ఆ రెండోది లేకపోతే మొదటిది వచ్చినా నాకు సగమే.

మా ఎదురు ఫ్లాటులో మా క్లినిక్కులోనే పనిచేసే ఇంకో నర్సు ఉండేది. నాకంటే చిన్నది, మా గోదావరి వైపు అమ్మాయే. వాళ్ళాయన దుబాయ్‌లో పని. వీలైనప్పుడల్లా బస్సెక్కి వచ్చేవాడు. నన్ను వదినా అని, మావారిని అన్నయ్యా అని పిలిచేది. అన్నయ్యా అన్నంత మాత్రాన నా మనసు ఊరుకుంటుందా? పని చక్కగా చేస్తుంది, పాట బాగా పాడుతుంది, సూది వేస్తే పిల్లలు కూడా ఏడవరు. అన్నీ ఒక్క మనిషికే ఇచ్చిన దేవుడి మీద నాకు అప్పటికే కాస్త కినుక.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో మావారు, తన గుమ్మంలో ఆ అమ్మాయి. మావారి నోట్లో బాల్‌పెన్నుకంటే కొంచెం లావుగా నల్లటి గొట్టం. తెల్లటి పొగ, దాంతోపాటు మాగిన మామిడిపండు వాసన.

"అయిదుసార్లు గబగబా నొక్కితే ఆన్ అవుద్ది అన్నయ్యా," అని చెబుతోంది ఆ అమ్మాయి. "మళ్ళీ అయిదుసార్లు నొక్కితే ఆగిపోద్ది. గట్టిగా లాక్కూడదు, మెల్లిగా లాగాలి. మా ఆయన ఇలాంటి దాంతోనే సిగరెట్టు వదిలేసేరు. చవక రకమే గానీ రోజూ వాడుకోడానికి సరిపోద్ది."

"ఇందులో నికోటిన్ ఉండదా?" అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

"ఎందుకుండదు వదినా, ఉంటాది. ఇది మంచిదని నేననను. తారు, బూడిద లేవంతే. మెల్లిగా తక్కువ మోతాదు ద్రవం సీసాలకి దిగిపోతే దీన్ని కూడా మానెయ్యొచ్చు."

అబద్ధమాడితే పట్టుకుందామనుకున్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి మావారు సిగరెట్టు ముట్టలేదు. కనీసం నాకు తెలిసినంత వరకు. నా ఉపవాసాలు, నా కన్నీళ్ళు, అంత సంఘం చేసిన ప్రార్థనలు చెయ్యలేని పని ఎదురింటి గొట్టం చేసేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా?

దాంట్లో తప్పులు వెతకడం నాకు పనైపోయింది. క్లినిక్కుకి కొత్త బీపీ మిషను వస్తే ఎలా పరీక్షిస్తానో అలా పరీక్షించాను. కింద బ్యాటరీ, పైన ద్రవం పోసుకునే పారదర్శకపు గొట్టం, లోపల దూది చుట్టిన చిన్న కాయిల్. చార్జింగులో పెడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయేది, మిద్దె మీద ఏసీల మధ్య ఆయనకి చార్జింగు ఎక్కడ దొరుకుతుంది? ఎండలో వ్యాన్‌లో వదిలేస్తే ద్రవం పలచబడి మూతి దగ్గర కారేది. ఎక్కువ సేపు లాగితే గొంతు ఎండిపోయి చెంబుడు నీళ్ళు తాగేవారు. ఇవన్నీ ఆయనకి వరుసగా అప్పజెప్పాను.

"అన్నీ నిజమే," అన్నారు ఆయన శాంతంగా. "కానీ పొద్దున్న దగ్గు విన్నావా?"

విన్నాను. అంటే వినిపించలేదు. దిండు గలీబుల మీద కొత్త చిల్లులు పడలేదు, స్నానాల గదిలో సిగరెట్ పీకలు లేవు, ఆయన మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. నర్సుగా సంతోషించాను. భార్యగా మాత్రం, ఇదంతా నావల్ల జరిగుంటే ఎంత బావుండేదో అనుకుంటూ పళ్ళు కొరుక్కున్నాను.

అసలు బాధ కాయిల్‌తో వచ్చింది. కొన్ని వారాలు వాడేసరికి అది మాడి, పొగకి కాలిన గుడ్డ రుచి వచ్చేది. ఒమాన్ దుకాణాల్లో ఈ సరుకు దొరికేది కాదు. ఆ అమ్మాయి వాళ్ళాయన దుబాయ్ నుంచి తేవాల్సిందే. "కాయిల్ ఖలాస్" అని మావారు ఎదురింటి తలుపు కొట్టడం, ఆ అమ్మాయి నవ్వుతూ డబ్బా తేవడం, ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఏ రుచి ఎలా ఉందో, ఏ మోతాదుకి దిగారో మాట్లాడుకోవడం. వంటగదిలో పప్పు తాలింపు వేస్తూ నేను చెవులు అటే వేసేదాన్ని. వాళ్ళ మాటల్లో దాపరికం ఏమీ లేదు. అదే ఇంకా మంట. మావారు తన గురించి తాను అంత సేపు నాతో ఎప్పుడు మాట్లాడారు?

ఈ తలుపు కొట్టడం ఆపాలనుకున్నాను. నాతో నర్సింగ్ చదివిన స్నేహితురాలు షినాస్‌లో పనిచేసేది. అది దుబాయ్ వైపు సరిహద్దుకి దగ్గర, అటూ ఇటూ తిరిగే వాళ్ళు చాలామంది. ఆమెని బతిమాలి కాయిళ్ళు తెప్పించాను. వేరే కంపెనీవి వచ్చాయి. మర సరిగ్గా కూర్చోలేదు. "కూర్చుంటుంది, నేను తిప్పుతానుండండి" అని సెలైన్ సీసా బిగించినట్టు బిగించి ఆయన జేబులో పెట్టాను. సాయంత్రం కంపెనీ చొక్కా ముందు భాగమంతా తడిసి, మామిడితోటలోంచి వచ్చినట్టు వచ్చారు. చొక్కా మార్చుకుని వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టారు.

ఆ శుక్రవారం ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. అయ్యగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు లేచి చెప్పడం. ఆ అమ్మాయి బైబిలు మూసి పమిట సర్దుకుంది. మా ఇంటి సంగతి చెప్పేస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళ నా ప్రార్థన ఫలం ఆ అమ్మాయి ఖాతాలో పడిపోతుందా? ఆమెకంటే ముందు నేను లేచాను.

"నా మనవి దేవుడు ఆలకించాడు. మావారు సిగరెట్లు మానేశారు."

హాలంతా స్తోత్రాలతో మారుమోగింది. అయ్యగారు మావారిని ముందుకి పిలిచి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆ తరవాత ఆ అమ్మాయి లేచి, ఊళ్ళో వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పి కూర్చుంది. అంతే.

భోజనాల దగ్గర మగవాళ్ళందరూ మావారి చుట్టూ చేరారు. సంఘ పెద్ద ఒకాయన ఆయన భుజం తట్టబోయి జేబు వంక చూశారు. "మరి ఇదేటండీ?" అన్నారు. మావారు తీసి చూపించారు. "ఓసి ఇంతేనా, ఇదీ పొగే కదండీ," అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఇంకొందరు సలహాలు చెప్పారు. "మానేసేనని సాక్ష్యం చెప్పించి, ఇదెందుకండీ మళ్ళీ?" అని ఆ పెద్దాయన నొచ్చుకున్నారు. మావారు ప్లేటు పూర్తి చెయ్యకుండానే లేచారు.

ఇంటికి నడుస్తూ మూల దుకాణం దగ్గర ఆగి, సిగరెట్ పెట్టె కొని, నా ఎదురుగానే ఒకటి వెలిగించారు.

"ఇన్నాళ్ళ కష్టం, ఇప్పుడిదేంటండీ?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. "నువ్వు నన్ను మానమన్నప్పుడల్లా సంఘమంతా నా జేబులోకి తొంగి చూస్తాది," అన్నారు. "మానితే నీ ప్రార్థన గొప్ప. మానకపోతే నేను పాపిని. ఆ అమ్మాయి కాయిల్ అడిగితే కాయిల్ ఇస్తాది, అంతే. ఆగలేక మధ్యలో రెండు మూడుసార్లు సిగరెట్ కాల్చేసేను. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పేను. నీకు చెప్పలేకపోయేను."

సిగరెట్ కాల్చారన్నది నాకు పెద్దగా తగల్లేదు. ఆ అమ్మాయికి చెప్పారట. నా మొగుడు ఓడిపోయిన రోజున వెళ్ళి చెప్పుకోడానికి ఒక గుమ్మం ఉంది, అది నా గుమ్మం కాదు. ఆయన అందంగా ఉందన్నా, బాగా పాడుతుందన్నా ఇంత కుళ్ళుకునేదాన్ని కాదు.

మర్నాటి నుంచి స్నానాల గదిలో దగ్గు మళ్ళీ మొదలైంది. పొగ పెన్ను అలమరలో పడి ఉంది. నాలుగైదు రోజులు పంతం పట్టి చూశాను. చివరికి ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళకి నేనే వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టాను. పిండి అంటిన చేతులతో తలుపు తీసింది.

"ఒక కాయిల్ ఉందా?" అన్నాను.

"ఉంది వదినా, ఉండండి." చేతులు కడుక్కుని వెళ్ళి తెచ్చింది. శుక్రవారం జరిగినదంతా కళ్ళారా చూసిన మనిషి. అన్నయ్య మళ్ళీ మొదలెట్టేరా అని అడుగుతుందని కాచుక్కూర్చున్నాను, అడిగితే నాలుగు దులిపేద్దామని. అడగలేదు. ఎత్తిపొడవలేదు, జాలిపడలేదు. "చపాతీలు చేస్తున్నా, రెండు తీసుకెళ్ళండి" అంది. ఆ ఊరుకోవడం ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు గానీ, ఎలాగైనా నాకూ అది కావాలనిపించింది. ఇవాళ ఆయన్ని ఏమీ అడగను, కాయిల్ ఇచ్చి ఊరుకుంటాను అనుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాను.

ఆయన అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నారు. కాయిల్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, నా మొహం చూసి, ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచారు.

"ఇవాళ ఎన్ని కాల్చారు?" అన్నాను.

ఆయన నోరు మూసుకుని, రెండో బూటు విప్పడం మొదలుపెట్టారు.