వంటావార్పులో మా మౌనిక

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. స్వైన్‌ఫ్లూ భయం కూడా అప్పుడే. ఆ జబ్బు ముదిరిన పూణెలో కూలి పని మానుకుని తొర్రూరు దగ్గరున్న మా ఊరికి వచ్చేశాం. ఆరేళ్ల మా మౌనికకు దగ్గు పట్టుకుంది. పంచాయతీ వాళ్లు దయతలిచారు. "మీరు గడప దాటకుండ్రి. నీళ్లు, బియ్యం మేమే అంపిస్తం" అన్నారు. అన్నట్టే పంపారు. కాకపోతే సంచిని దూరం నుంచే వాకిట్లోకి విసిరేసి పోయేవాళ్లు. తొర్రూరు దవాఖానలో డాక్టరు చూసి మామూలు జలుబే అన్నాడు. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.

ఆ రోజు ఉద్యమం కోసం ఊరంతా కలిసి రోడ్డు మీద వంటావార్పు.

"మనమంత ఒక్కింటోళ్లం! ఒక్కకాడ వండుకుంటం, ఒక్కకాడ తింటం!" అని మైకులో సర్పంచ్ గొంతు మా ఇంటిదాకా వినిపిస్తోంది. నేను బట్టలు ఆరేస్తుంటే మౌనిక పరుగెత్తుకెళ్లి బంతిలో కూర్చుంది. వెనకాలే నేను చేరేసరికి బంతి మొత్తం లేచి దూరంగా నిలబడింది. విస్తరి ముందు అది ఒక్కతే నవ్వుతూ కూర్చుని ఉంది. వడ్డించే ఆమె గరిటె వెనక్కి తీసుకుంది.

సర్పంచ్ మైకు పక్కన పెట్టాడు. "పిల్లను తోల్కపో చెల్లె. మీ బువ్వ మీ ఇంటికే వస్తది."

చెయ్యి పట్టి లాక్కొస్తుంటే మౌనిక వెనక్కి తిరిగి చూసింది. అది కూర్చున్న చోట పంచాయతీ మనిషి బ్లీచింగ్ పొడి చల్లుతున్నాడు. దాని ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, గటు జూడు! నేను కూసున్నకాడ ముగ్గేస్తున్రు!"

రాష్ట్రం వచ్చి ఏళ్లయింది. ఇప్పటికీ మా వాకిట్లో ముగ్గు మౌనికే వేస్తుంది. ఆ తెల్లటి ముగ్గుపిండి డబ్బా ముట్టుకోవడం నా వల్ల కాదు.