కాటుక గీత దాటిన వాపు

మా పశువుల డాక్టరమ్మగారు పోయారు. మొన్న పాలకేంద్రం దగ్గర ఎవరో అనుకుంటుంటే విని, చేతిలో క్యాను అక్కడే వదిలేసి ఆవిడ ఇంటికి పరుగెత్తాను. నిద్రలోనే ప్రాణం పోయిందట. అంత భయస్తురాలికి ఆ ఒక్కటైనా భయం తెలియకుండా జరిగింది కదా అని ఏడుస్తూనే కాస్త కుదుటపడ్డాను.

పోయిన మనిషిని భయస్తురాలు అంటారా అని నా మీద కోప్పడకండి. ఆ మాట అందరికీ చెప్పుకున్నది ఆవిడే. ఏ గేదె దగ్గరికి వెళ్ళినా ముందు గాజులు తీసి పక్కవాళ్ళ చేతిలో పెట్టి, "ఏమ్మా, చూడనిస్తావా? తన్నవు కదా?" అని గేదెనే అడిగేవారు. గేదె ఏం చెబుతుంది నా మొహం! అయినా జవాబు కోసం ఒక్క క్షణం ఆగేవారు.

మాది పి.గన్నవరం. మా ఆయన కువైట్‌లో ఉంటారు. పెళ్ళి ఊరేగింపులకి పంపే తెల్ల గుర్రాన్ని ఇక్కడ నేను చూసుకుంటాను. దాని పేరు సిరి. మా ఆయన ఫోన్ చేస్తే ముందు దాని సంగతి అడిగాకే నా సంగతి.

పోయిన మాఘమాసంలో ఒక పొద్దున్న గడ్డి వేస్తుంటే సిరి పొట్టకింద వాపు కనిపించింది. కొబ్బరికాయంత ఉంది. ముందురోజు లేదు. దెబ్బ లేదు, గాటు లేదు, ఏదీ కుట్టిన గుర్తూ లేదు. సిరి గడ్డి ముట్టలేదు. వెంటనే డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను.

ఈలోగా మా ఆయన అన్నగారు వచ్చి చూశారు. "చీము పట్టిందమ్మాయ్. మన గేదెలకి ఎన్ని కొయ్యలేదు? కత్తి కాల్చి ఒక్క గాటు పెడితే సాయంత్రానికి మేతకొచ్చేస్తది," అన్నారు. మావైపు వాపంటే అంతే, గాటో వాతో. గేదె సంగతి తెలిస్తే అన్నీ తెలిసినట్టే మాకు. నేనూ పొయ్యి వెలిగించేశాను.

"ఆగండాగండి!" అంటూ డాక్టరమ్మగారు ఆటో దిగారు. గాజులు నాకిచ్చి, దూరం నుంచే సిరిని అడిగి, వణుకుతూ దగ్గరికెళ్ళి, స్టెతస్కోపు వాపు మీద పెట్టి చాలాసేపు విన్నారు. చెమటలు కారిపోతున్నాయి.

"ఏంటండీ అది?" అన్నాను.

"తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటండీ, డాక్టరుగారై ఉండి!"

"గుర్రానికి నేనెప్పుడూ వైద్యం చెయ్యలేదు. చీము కావచ్చు, నీరు కావచ్చు. లోపల కండ చిరిగి పేగు జారుంటే మాత్రం, కత్తి పెట్టిన మరుక్షణం బయటికొచ్చేస్తది. తెలిసేదాకా కొయ్యనివ్వను."

"ఈలోగా చచ్చిపోతేనండీ?" అన్నారు బావగారు.

"ఆయ్, చచ్చిపోవచ్చండి," అన్నారావిడ.

విశాఖపట్నంలో గుర్రాలు చూసే డాక్టరు స్నేహితుడికి ఫోన్లో వాపు చూపించారు. రెండు రోజుల్లో స్కానింగ్ మిషను తీసుకొని వస్తానని, అప్పటిదాకా చన్నీళ్ళ ధార పట్టమని చెప్పారాయన. డాక్టరమ్మగారు నా ఆముదం కాటుకలో వేలు ముంచి, ఆ తెల్లటి పొట్టమీద వాపు చుట్టూ గీత గీశారు. "నీళ్ళకి పోదిది. వాపు దీన్ని దాటితే పెరుగుతున్నట్టు," అన్నారు.

తెల్లారి ఇద్దరం పాక బయటే నిలబడిపోయాం. "నువ్వు చూడమ్మా," అని ఆవిడ, "మీరే చూడండి," అని నేను. చివరికి కలిసే వంగాం. వాపు గీత దాటింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

బావగారు కత్తి తెచ్చి గట్టుమీద పెట్టి నావైపు చూశారు. నేను ఊ అంటే చాలు. నిజం చెప్పొద్దూ, అనాలనే ఉంది. ఏదో ఒకటి చేసెయ్యడమే సుఖం. ఊరికే చూస్తూ నిలబడటం పగవాళ్ళకి కూడా వద్దు.

"మీరు చెప్పండి," అన్నాను ఆవిడతో.

"నాకూ కోసెయ్యాలనే ఉందమ్మా. భయానికే అలా అనిపిస్తోంది. అందుకే వద్దంటున్నా," అన్నారు. అని, కుర్చీ వేయించుకుని సిరి పక్కనే కూర్చున్నారు. సిరి కాలు కదిపినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. లేచి మాత్రం వెళ్ళలేదు. ధార పడుతూ నేను దేవుళ్ళందరినీ పిలిచాను.

విశాఖ డాక్టరుగారు వచ్చేసరికి వాపు గీత లోపలికి తగ్గింది. స్కానింగులో పేగు లేదు, చీమూ లేదు. నీరు చేరిందంతే. "ఎందుకొచ్చిందండీ?" అని అడిగితే ఆయన తల గోక్కున్నారు. "చూశావా, ఆయనకీ తెలీదు!" అని మా డాక్టరమ్మగారు చిన్నపిల్లలా నవ్వారు.

ఆవిడ పోయిన మర్నాటి నుంచి నాకు మళ్ళీ ఆ భయం పట్టుకుంది. పాకలోకి వెళ్ళగానే ముందు వంగి పొట్టకింద చూస్తున్నాను. మళ్ళీ ఏదైనా వస్తే "తెలీదమ్మా" అని చెప్పి నా పక్కన కూర్చునే మనిషి ఎవరున్నారు?

వాపు తగ్గిన ఆ సాయంత్రం ఆవిడ వెళ్ళబోతూ ఆగి, "ఒక్కసారి నా చేత్తో పెట్టనా?" అని అడిగారు. పచ్చగడ్డి గుప్పిట పట్టుకుని, మొహం పక్కకి తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపారు. సిరి మెడ వంచి, అరచేతిలో పరక కూడా మిగల్చకుండా తినేసింది. తిన్నాక కూడా ఆవిడ చెయ్యి తియ్యలేదు. కళ్ళూ తెరవలేదు.